ఖాసిం చాచా చేసిన బేడీలు

2022 వేసవి. సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక సందులో నా దుకాణం. ఇంద్రజాలికుల పాత సామాన్లు, అంటే టోపీలు, పోస్టర్లు, మాయపెట్టెలు సేకరించడం, అవి అసలైనవో నకిలీవో తేల్చి సర్టిఫికెట్ రాయడం నా పని. ఇదీ ఒక పనేనా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ నెలలో ఒక జత ఇనుప బేడీలు వచ్చాయి. మన దగ్గర ఒకప్పుడు పేరు మోసిన మెజీషియన్ చనిపోతే, ఆయన ఇంటివాళ్లు సామానంతా ప్రదర్శనశాలకు ఇస్తూ ముందు నాకు పంపారు. చూడగానే ఒళ్లు పులకరించింది. ఏడేళ్లప్పుడు లాలాగూడ రైల్వే హాల్లో నాన్న భుజాల మీద కూర్చుని, ఆ మెజీషియన్ ఇలాంటి బేడీలే విదిలించుకుని చేతులు పైకెత్తడం చూశాను. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

మా పనిలో ప్రొవెనెన్స్ అంటారు. వస్తువు ఎవరు చేశారు, ఎవరెవరి చేతులు మారింది అన్న చరిత్ర. బేడీల మీద విలాయతీ కంపెనీ ముద్ర ఉంది. లూప్, అంటే కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం, పెట్టి చూస్తే తాళం రంధ్రం చుట్టూ ఒక్క గీత లేదు. తాళంచెవి తిరిగిన జాడే లేదు. నేను చిన్నప్పుడు చూసింది వేరే జత అయ్యుంటుందని సరిపెట్టుకుని, ‘విలాయతీ సరుకు, స్టేజీ మీద వాడనిది’ అని రాసేశాను. ముప్పై ఏళ్ల అనుభవం కదా, ఆ మాత్రం పొగరు ఉంటుంది.

సంతకం పెట్టేలోపే బేడీలు నా దగ్గరికొచ్చిన సంగతి విని ఖాసిం చాచా వచ్చాడు. లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. కూతురు నసీమా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ బేడీలు తనే చేశానన్నాడు. జనం నిజమైన పోలీసు బేడీలనుకోవాలని మెజీషియన్ అడిగితే విలాయతీ ముద్ర కూడా తనే కొట్టాడట. ఈ మాట చెప్పినందుకు బస్తీలో ఆయనకు కోతల ఖాసిం అని పేరు పడిందని, కళ్లు మూసేలోపు కాగితం మీద ఆయన పేరు చూపించాలని నసీమా అంది.

గీతలు లేని రంధ్రం చూపించి, ఇవి అసలు వాడనేలేదు చాచా అన్నాను. ఆయన అటు చూడనుకూడా లేదు.

“తాళంచెవితోని తీసేటోడు జాదూగర్ ఎట్లయితడు బేటా?”

ఇన్నేళ్ల అనుభవం ఉండీ మాయ బేడీలను పోలీసు బేడీల లెక్కన చూశాను! మరి ఎక్కడ తెరుచుకుంటాయో చూపించు, పేరు రాస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఎవరికీ చూపించనని మెజీషియన్‌కు మాట ఇచ్చాడట. నసీమా బతిమాలింది, కళ్లనీళ్లు పెట్టుకుంది.

“ఆయన పోయిండు కద చాచా,” అన్నాను నేను.

“ఆయన పోయిండు. నేనిచ్చిన జబాన్ సుత పోయిందా?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. రుజువు లేకుండా రాస్తే నా సంతకానికి విలువేముందని కసిరాను. చాచా చేతులు చాపాడు. బేడీలు నొక్కి బిగించి, తాళంచెవి నా గుప్పిట్లో పెట్టుకుని గోడవైపు తిరగమన్నాడు. నసీమాను కూడా.

యాభై దాటిన నేను, నలభై దాటిన ఆమె, బళ్లో శిక్ష పడ్డ పిల్లల్లా గోడకు ముఖం పెట్టి నిలబడ్డాం. వెనక ఇనుము గలగలమంది. ఆగింది. మళ్లీ గలగల. ఆయన వేళ్లు వణుకుతాయని వచ్చినప్పుడే గమనించాను. తక్లీఫ్ అయితే వద్దులే అబ్బాజాన్ అంది నసీమా, తిరక్కుండానే. దేవుడా, తెరుచుకోనీ అని మొక్కుకున్నాను. చివరికి చిన్న క్లిక్.

“ఇగ తిరుగుండ్రి.”

బేడీలు బల్ల మీద ఉన్నాయి. చాచా చేతులు పైకెత్తి నిలబడ్డాడు, అచ్చం ఆనాటి స్టేజీ మీద మనిషిలా. చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

పాత కాగితం చింపి కొత్తది రాశాను. తయారీ: ఖాసిం, లాలాగూడ. స్టేజీ మీద వాడినవి. తెరుచుకునే పద్ధతి అన్న గడి ఖాళీగా వదిలేశాను. నసీమా రెండుసార్లు పైకి చదివింది. చాచా ఇంకోసారి చదవమన్నాడు.

ఆయన నిరుడు పోయాడు. వస్తువు అరుగుదల చూసే ముందు, అది ఎవరి చేతిలో ఏ పని చేసిందో అడగాలని నాకు నేర్పింది ఆయనే. ప్రదర్శనశాలకు పంపేలోపు ఆ బేడీలు వారం రోజులు నా బల్ల మీదే ఉన్నాయి. ఆ వారమంతా, చూడబుద్ధి పుట్టకుండా, లూప్‌ను సొరుగులో పెట్టి తాళం వేశాను.