ఏడో హోల్, కుడి పక్క ఇసుక

మొన్న పన్ను నొప్పికి నిజామాబాద్ పోయి, డాక్టరు గది బయట నా వంతు కోసం కూర్చుని ఉంటే, గోడ మీది టీవీలో శబ్దం లేకుండా గోల్ఫ్ ఆట నడుస్తున్నది. పక్కనున్న పెద్దావిడ, "గిదేం ఆటనో, ఒక్కడు కొడ్తడు, పదిమంది ఎంబడి నడుస్తరు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, తెర మీద ఆటగాడు జెండాకు సూటిగా గురి చూసుకుంటున్నప్పుడు ముందరి ఇసుక గుంట కనబడి నా కాలివేళ్ళు చెప్పుల్లోనే ముడుచుకున్నాయి. అట్లా కాదయ్యా, ఎడమకు పొట్టిగా కొట్టి, అక్కడి నుంచి దొర్లించు అని చెప్పాలనిపించింది. జన్మలో గోల్ఫ్ కర్ర పట్టుకోని మనిషి అట్లా అంటే వింతగా చూస్తారు గనక నోరు మెదపకుండా ఇంటికి వచ్చి, ఇది రాయడానికి కూర్చున్నాను.

మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళ క్లబ్బులో క్యాడీగా పని చేసేవాడు. ఆడే సార్ల కర్రల సంచి భుజాన వేసుకుని వెంట నడవడం, ఏ దెబ్బకు ఏ కర్ర తీయాలో, బంతిని ఎటు పంపాలో చెప్పడం ఆయన పని. నా ఈడు వాళ్ళకు ఫ్యాక్టరీ సైరనూ, ఎడపల్లి దారిలో చెరుకు బండ్ల వెనక ఉరికి గడలు గుంజుకోవడమూ గుర్తుంటాయి గానీ, ఆఫీసర్ల బంగళాల వెనక తొమ్మిది హోల్స్ మైదానం ఒకటి ఉండేదని చాలామందికి తెలియదు. మొదటి దెబ్బ కొట్టే తిన్నె మొదలు బంతి పడవలసిన, జెండా పాతిన రంధ్రం దాకా ఉండే నేలనంతటినీ ఒక హోల్ అనేవారు. రంధ్రం చుట్టూ టీవీలో చూపించే పచ్చటి గడ్డి మాకు లేదు. వాడేసిన ఇంజను నూనె కలిపిన ఇసుకను గుండ్రంగా చదును చేసి పరిచేవారు, దాన్ని బ్రౌన్ అనేవారు. దాని ముందరా, పక్కలా, ఒక్కోసారి దారి నడుమనా మంజీర ఇసుకతో నింపిన గుంటలుండేవి. అవే బంకర్లు.

ఎండాకాలం దగ్గర పడేకొద్దీ ఆ నేల బండలా అయ్యేది. గాలిలో వచ్చి పడిన బంతి ఎగిరి ఎక్కడికో పోయేది, నేల మీద దొర్లుకుంటూ వచ్చిన బంతి మాత్రం బ్రౌన్ ఇసుక తగలగానే వేగం తగ్గి ఆగేది. కాబట్టి ఆటంతా దొర్లడానికి తెరిచి ఉన్న దారి వెతుక్కోవడమే అని బాపు లెక్క. కొత్తగా వచ్చిన సార్లు జెండా కనబడగానే అటే బాదేవారు. బాపు మెల్లగా, "జెండ యాడికి పోదు సారూ, తొవ్వ సూడుండ్రి" అనేవాడు.

హోల్స్‌కు ఆయన పెట్టుకున్న పేర్లు వేరు. మొదటిది చెరుకు హోల్. ఎడమ పక్క పొడుగునా చెరుకు, అందులో పడిన బంతి ఇక మనది కాదు, దాని కోసం దిగితే గీసుకుపోయిన మోచేతులే మిగులుతాయి. అందుకని కుడికి కొట్టాలి. బంకర్ బ్రౌన్‌కు నట్టనడుమ అడ్డం ఉన్నా కుడి మూల నుంచి చూస్తే రెండు మంచాల వెడల్పు దారి కనబడుతుంది. నాలుగోది నాలా హోల్, దాటగలననుకున్నవాడు కూడా దాటకుండా ఇవతల ఆగి మరో దెబ్బకు దాటితేనే మేలు. ఏడోది గడ్డ హోల్. దారి మధ్యలో నేల ఎత్తుగా లేచి ఉంటుంది, అవతల ఏముందో తిన్నె మీద నిలబడిన వాళ్ళకు కనబడదు. ఎడమ అంచున పాత బంకర్ ఉంది గనక బాపు కళ్ళు మూసుకుని కుడికి కొట్టించేవాడు.

ఆయన అన్నం తింటూ చెప్పే ఈ సంగతులను నేను డైరీలో హోలుకొక పేజీ పెట్టి రాసుకునేదాన్ని. నలుగురిలో మాట పెగలని పిల్లను, క్లబ్బులో పారేసే పాత పత్రికలు బాపు తెచ్చిస్తే అటుక మీద కూర్చుని చదువుకునేదాన్ని. ఆటను కూడా ఒక పుస్తకంలానే చదువుకున్నాననుకుంటాను.

నేను డిగ్రీలో చేరిన ఏడు బాపుకు చూపు మసకబారింది. ముందు జెండాలు పోయాయి, తర్వాత బంతి పోయింది. చూపు లేని క్యాడీని ఎవరు పెట్టుకుంటారు? పైగా వాళ్ళ అన్నకు కంటి ఆపరేషన్ తర్వాత ఒక కన్ను పోయింది, ఆ భయంతో ఆస్పత్రి మాట ఎత్తనిచ్చేవాడు కాదు. నడుము నొప్పి, బంతుల కోసం వంగలేనని క్లబ్బులో చెప్పి, సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకుపోయేవాడు. నేను ముందు పోయి నిలబడి బంతి ఎక్కడ పడిందో చూసి, వాళ్ళు దగ్గరికి వచ్చాక ఆయన చెవిలో చెప్పేదాన్ని. మిగిలినదంతా ఆయన పాదాలకు తెలుసు. అట్లా రెండేళ్ళు నడిచింది. ఎవరికీ తెలియదనే అనుకున్నాం.

ఏటా ఒకసారి ఫ్యాక్టరీ వాళ్ళకూ నిజామాబాద్ టౌను వాళ్ళకూ పోటీ ఉండేది. బాపు సంచి మోసే ఫ్యాక్టరీ కెమిస్టు సార్ ప్రతిసారీ టౌను డాక్టరు చేతిలో ఓడిపోయేవారు. ఆ ఏడు మాత్రం ఆరు హోల్స్ అయ్యేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. అంతకు ముందు పది రోజులు బాపు చందూర్‌లో మా మేనత్తకు బాగాలేదని పోయి ఉన్నాడు, నాకు పరీక్షలు, కెమిస్టు సార్‌కు గానుగ సీజను పని. మైదానం ముఖం మేము ముగ్గురమూ చూడలేదు.

ఏడో హోల్‌లో నేను ముందు నడిచి గడ్డ ఎక్కాను. అవతల కుడి పక్క, బాపు ఎప్పుడూ బంతి పంపించే చోట, కొత్త బంకర్ తవ్వి ఉంది. ఇసుక ఇంకా తెల్లగా మెరుస్తున్నది. వెనక్కి చూస్తే బాపు కర్ర తీసి సార్ చేతికిచ్చి, ధీమాగా కుడికి చెయ్యి చాపి చూపిస్తున్నాడు. నేను రెండు చేతులూ ఎత్తి ఎడమకు ఊపాను. బాపుకు నేనే కనబడను, నా చేతులేం కనబడతాయి? అరవాలి. అరిస్తే, ఇన్నేళ్ళ క్యాడీకి తన మైదానంలో ఏముందో తెలియదని డాక్టరు ముందరే తేలిపోతుంది. అరవలేదు, చేతులు మాత్రం ఊపుతూనే ఉన్నాను.

కెమిస్టు సార్ నన్ను చూశారు. బాపును చూశారు. అక్కడ నడిచిన మాటలు చాలా రోజులకు ఆయన చెబితేనే నాకు తెలిశాయి. డాక్టరు, "ఏం సార్, ముందర ఆ పిల్ల పిట్టల్ని తోలుతున్నదా?" అన్నారట. సార్ తలెత్తకుండా, "ఈగలు డాక్టర్ సాబ్. మొలాసిస్ మడ్డి దగ్గర గట్లనే ముసురుతయి" అని, బాపు చూపించిన వైపే కొట్టారు. బంతి నా నెత్తి మీదుగా పోయి ఇసుకలో మెత్తగా దిగింది.

బాపు సంచితో గడ్డ దిగి కుడికి నడిచాడు. పాదం దిగబడగానే ఆగిపోయాడు.

"బిడ్డా, గీడ ఇసుకెక్కడిది?"

"కొత్తగ తవ్విండ్రు బాపు."

"మరి నువ్వు సారుకు చెయ్యి లేపలేదా?"

వెనక నుంచి సారే అన్నారు, "లేపింది. నేను జూసిన."

"జూసి గూడ గిటే కొట్టిండ్రా?"

"నువ్వు గిటే అంటివి గదనయ్యా."

బాపు సంచి కింద పెట్టాడు. డాక్టరు కూడా అక్కడికి వచ్చేదాకా ఆగి, అందరికీ వినబడేట్టు చెప్పాడు. "రెండేండ్ల సంది నాకు జెండ కనవడ్తలేదు సారూ. నా బిడ్డ కండ్లతోని నెట్టుకొస్తున్న."

కెమిస్టు సార్, "గది తర్వాత మాట్లాడుకుందాం. ముందుగాల గీ ఇసుకల కెల్లి ఎట్ల బయటపడాలె, గది చెప్పు" అన్నారు. బాపు చెప్పులు విడిచి ఇసుకలో నిలబడ్డాడు. "ఇసుకను తవ్వి చూస్తే జరిమానా ఉంటుందయ్యో" అని డాక్టరు నవ్వుతూ హెచ్చరించారు. "తవ్వుత లేను దొరా, నిలవడ్డ గంతే" అన్నాడు బాపు. "ఇసుక ఇంక కూసోలేదు సారూ, వదులుగున్నది. బంతిని ముట్టకుండ్రి. దానెనుక రెండు వేళ్ళ దూరంల ఇసుకను కొట్టుండ్రి, ఇసుకనే మోస్కపోతది." బంతి ఎగిరి బ్రౌన్ అంచున పడింది. ఇద్దరికీ అన్నే దెబ్బలు పట్టి ఆ హోల్ సమానమైంది. తొమ్మిదో హోల్‌లో మాత్రం కెమిస్టు సార్ ఎప్పటిలాగే ఓడిపోయారు.

మిగిలిన సీజనంతా కెమిస్టు సార్‌కు బాపే సంచి మోశాడు. దాచవలసింది ఏమీ లేదు గనక బంతి ఎక్కడుందో, ఎన్ని అడుగులో నేను గడ్డ మీది నుంచి గొంతెత్తి చెప్పవలసి వచ్చేది. ఇవాళ జూనియర్ కాలేజీలో చివరి బెంచీ దాకా వినబడేట్టు పాఠం చెబుతున్నానంటే ఆ గొంతు అక్కడ పెరిగిందే. కంటి ఆపరేషన్‌కు బాపును ఒప్పించడానికి ఆ టౌను డాక్టరుకు ఏడాదికి పైగా పట్టింది. అప్పటికి ఫ్యాక్టరీ ఆగిపోయింది, సార్లు తలో ఊరూ పోయారు.

చూపు వచ్చిన నెలకు బాపు మైదానం చూస్తానన్నాడు. నడుమెత్తు గడ్డి, జెండాలు లేవు, బ్రౌన్‌లు ఎక్కడివో పోల్చుకోలేకపోయాను. ఆయన మాత్రం తడబడకుండా నడిచి ఏడో హోల్ గడ్డ ఎక్కి, కుడి పక్కకు చూశాడు. ఆ బంకర్‌ను ఆయన సరిగ్గా చూడడం అదే మొదటిసారి. ఒక అంచు వానకు కూలి, నడుమ ఉమ్మెత్త మొలిచి ఉంది. చాలాసేపు చూశాడు.

"మంచి జాగలనే తవ్విండ్రు బిడ్డా. నేనైనా గీడనే తవ్విస్తుంటి" అన్నాడు.

ఆ తర్వాత ఈ హోల్‌ను ఇకనుంచి ఎట్లా ఆడాలో, ఎడమ బంకర్‌కు ముందే పొట్టిగా ఆగి అక్కడి నుంచి ఎట్లా దొర్లించాలో వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు. నాకు గడ్డి తప్ప ఏమీ కనబడలేదు, అయినా ఊకొట్టాను.

ఇప్పుడు అక్కడ ఆ గడ్డ కూడా లేదు, చదును చేశారట. ఎవరైనా తప్పు చెబితే మాట పూర్తి కాకముందే దిద్దేవాళ్ళం అయ్యాము మనమంతా, నేను కూడా, క్లాసులో రోజూ చేసేది అదే. దిద్దిన ప్రతిసారీ కాదు గానీ ఒక్కోసారి, నా చేతులు చూసి కూడా చూడనట్టు కుడికి తిరిగి నిలబడిన కెమిస్టు సార్ గుర్తొస్తారు. అంత నిమ్మళంగా ఇసుకలోకి కొట్టిన మనిషిని ఆ తర్వాత నేను ఎక్కడా చూడలేదు.