నర్సత్త తొట్టి కోసం బొగ్గుల సంచితో మట్టెవాడకు

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో మా నర్సత్త నుంచి కార్డు ముక్క వచ్చింది. వరంగల్ మట్టెవాడలో ఆమె మగ్గాలవాళ్లకు నూలు ఉతికి, రంగులద్ది ఇచ్చేది. సబ్బు పొడి నీళ్లు భూమిలోకి ఇంకి, పక్కింటి ఐలయ్య సేటు బావిలో నురుగు తేలుతోందట. ఆదివారం సాయంత్రంలోగా ఏదో ఒక దారి చూడకపోతే నూలు ఉతికే తొట్టి మూయిస్తానన్నాడట. ఆ తొట్టే ఆమె బతుకు. నేను సికింద్రాబాదులో కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి, మేనల్లుడి చదువు అక్కరకొచ్చే రోజు వచ్చిందని అత్త తీర్పు.

ఆదివారం పొద్దున ఆరింటి రైలెక్కాను. ఒళ్లో సంచిలో నాలుగు కిలోల సన్నటి కట్టెబొగ్గు. బొగ్గు తన సన్నని రంధ్రాల్లో సబ్బును పట్టి ఉంచుకుని నీళ్లను వదిలేస్తుంది, నా ధైర్యమంతా అదే. కాజీపేట వచ్చేసరికి నా తెల్ల ప్యాంటు నల్లబడింది. తొమ్మిదిన్నరకు వరంగల్‌లో దిగి రెండు రూపాయలకు రిక్షా మాట్లాడుకున్నాను. "బొగ్గుల దుకాణం పెడ్తాన్రా సారూ?" అన్నాడు రిక్షా ఆయన.

నేను ముందే కార్డు రాసి చెప్పినట్టు, అడుగున చిల్లు పెట్టిన కుండను అత్త సిద్ధంగా ఉంచింది. సగం బొగ్గు కడిగి పెట్టమని ఆమెకు చెప్పి స్నానానికి వెళ్లాను. తిరిగొచ్చి ఇసుక, బొగ్గు నింపి తొట్టి నీళ్లు పోస్తే, కిందికి దిగినవి పోసినవాటికన్నా ఎక్కువ నురుగు కక్కాయి.

"ఎట్ల కడిగినవత్తా?"

"మంచిగనే కడిగిన అల్లుడా. రెండు పిడికిళ్ల సబ్బు పొడేసి, నూలు గుంజినట్టు గుంజిన!"

జీవితంలో సబ్బు లేకుండా ఏదీ కడిగిన మనిషి కాదు. బొగ్గు కడుపు అక్కడే నిండిపోయింది. ఇద్దరం గచ్చు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక భయం వేసింది. మిగిలింది సగం సంచే.

ఈసారి నేనే మంచినీళ్లతో, నలుపు దిగడం ఆగేదాకా కడిగాను. కుండను మళ్లీ నింపి, తొట్టి నీళ్లు చెంబు తర్వాత చెంబు, ఆగి ఆగి పోశాం. ఐదింటికి సేటు వచ్చాడు. కుండలోంచి దిగిన నీళ్లు సీసాలో పట్టి, తనే మూత బిగించి గట్టిగా ఆడించాడు. నాలుగు బుడగలు లేచి పగిలిపోయాయి. మళ్లీ ఆడించాడు.

"నురుగు లేదక్కా. గని ఈ బొగ్గులు ఎన్నొద్దులుంటయి?"

బొగ్గు నిండాక నురుగు మళ్లీ వస్తుందని, అప్పుడు మార్చాల్సిందేనని నిజం చెప్పాను. సేటు మొహం ముడుచుకున్నాడు.

"మాసిన అంగి ఒక్కపారి ఉతికి ఇడిసిపెడ్తవా ఐలన్నా?" అంది అత్త. "నిండినప్పుడల్ల మారుస్త. రోజు పొద్దుగాల్ల సీసా ఆడించి నీకు జూపెడ్త. ఫికర్ జెయ్యకు."

సేటు నవ్వేశాడు. "సరే, నడుపుకో అక్కా."

తిరుగు రైల్లో నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ ఒక్క సాయంత్రానికి నీళ్లు బాగుచేసింది నా చదువే, కానీ తొట్టిని నిలబెట్టింది అత్త ఇచ్చిన మాట. ఇలాంటి పని మీద వెళ్లేవారికి ఒకటే చెబుతాను. బొగ్గు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, రోజూ సీసా ఆడించి చూసే మనిషి ఉన్న ఇంటికే సంచి మోసుకెళ్లండి.