రుక్కుతో నేనన్న మాట

ఏళ్ళ తరబడి ఒక మాట మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. నీకే ఎందుకు చెబుతున్నానో నాకు సరిగా తెలియదు.

తమిళనాట ఉన్నా మా ఇంట్లో తెలుగే. నేను చదువుకున్నది తమిళంలో, బడిలో చెప్పింది ఇంగ్లీషు పాఠాలు, కథలు రాసేది మళ్ళీ తమిళంలో. సూలూరు దగ్గర బడిలో కొత్తగా చేరినప్పుడు స్టాఫ్ రూములో మన తెలుగును వెక్కిరించి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. నా ఇంటి భాష బయటపెట్టలేదు.

తొమ్మిదో తరగతిలో రుక్కు ఉండేది. నేను ఫోనులో మా అమ్మతో మాట్లాడుతుంటే ఒకసారి విన్నదట. మర్నాడు నేను హెడ్ మిస్ట్రెస్‌తో నిలబడి ఉండగా వచ్చింది.

"టీచర్, మీరు మనోళ్ళే కదా. అమ్మ నన్ను బడి మాన్పించి తరికి పంపుతానంటుండాది. మీరొచ్చి మన మాటలో చెప్తే ఇంటాది."

తరి అంటే మరమగ్గం. హెడ్ మిస్ట్రెస్ నా వైపు చూసింది.

"నీ ఎన్న సొల్రేన్ను పురియల. తమిళ్‌ల సొల్లు" అన్నాను. నువ్వు చెప్పేది అర్థం కాలేదు, తమిళంలో చెప్పు అని.

రుక్కుకు తమిళం బాగా వచ్చు. అయినా చెప్పలేదు. "ఒణ్ణుమిల్ల టీచర్" అని వెళ్ళిపోయింది. ఏమీ లేదట. ఆ తర్వాత బడికి రాలేదు.

నా బస్సు వాళ్ళ వీధి మీదుగానే వెళ్ళేది. దిగుదామనుకునేదాన్ని. దిగలేదు. భయమా? సిగ్గా? ఉద్యోగం పోతుందనా? మన మాట మాట్లాడితే ఎవరి ఉద్యోగమైనా పోతుందా?

చాలా ఏళ్ళకు అదే కథ రాశాను. అందులో టీచరు తెలుగులోనే బదులిస్తుంది, ఇంటికి వెళ్ళి తల్లి పక్కన కూర్చుని ఒప్పిస్తుంది, పిల్ల తిరిగి బడికొస్తుంది. నాకు పేరు తెచ్చింది ఆ కథే. మదురైలో ఒక సభలో మనవాళ్ళ పెద్దావిడ నా చేతులు పట్టుకుంది.

"ఆ టీచరు మీరే కదమ్మా?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె దాన్ని అవుననుకుంది.

ఆ కథ చదివి కూతుర్ని మళ్ళీ బడికి పంపానని ఇంకొకామె చెప్పింది. దాన్ని ఏ లెక్కలో వేసుకోను? అది రుక్కుకు చెందుతుందా, నాకా? రాసింది ఆ పిల్ల కోసమా, నేను అలాంటిదాన్నని నన్ను నేను నమ్మించుకోవడానికా? ఎంత ఆలోచించినా తేలదు. రుక్కు ఇప్పుడెక్కడ ఉందో తెలియదు. వెతకనూ లేదు.

తేలింది ఇంతే. ఆ రోజు రుక్కు చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది.