రెండో పేరు

మా సంఘంలో ఒక నిబంధన ఉంది. సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి భాగానికీ దాన్ని చూసుకునేవాళ్లు ఇద్దరు ఉండాలి. ఒక్కరే మిగిలి రెండేళ్లయితే, ఏడాదికోసారి జరిగే సభలో రెండో మనిషి కోసం అడుగుతారు. ఎవరూ రాకపోతే ఆ భాగాన్ని అటకెక్కిస్తారు. అంటే చెరిపేయరు. ఎవరైనా చూసుకోవచ్చు, తీసుకుపోవచ్చు. కానీ ఆ తర్వాత దానికి ఎవరి సవరణా తీసుకోరు.

ఈ ఏడాది సభ తిరుపతిలోనే, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పెట్టారు. అటకెక్కడానికి సిద్ధంగా ఉన్నవాటిలో నాది ఒకటి.

నేను రేణిగుంట దగ్గర లారీల కాటాలో పని చేస్తాను. బండి ఎక్కుతుంది, తెర మీద బరువు పడుతుంది, చీటీ ఇస్తాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది కానీ లెక్కలు ఆగలేదు. కంప్యూటర్‌కు లెక్క చెప్పడం ఆ కాటా గదిలోనే, ఒక లారీ దిగి ఇంకొకటి ఎక్కేలోపు, నాకు నేనుగా నేర్చుకున్నాను. మా సంఘం తయారుచేసేది మన భాషల్లో లెక్కల పట్టికలు వేసుకునే సాఫ్ట్‌వేర్. అది ఎవరికైనా ఉచితం. దాన్ని ఎవరైనా సరిచేయవచ్చు, జీతాలుండవు. అందులో నా భాగం పాత కొలతలను కొత్త కొలతల్లోకి మార్చడం. అంకణాలు కొడితే చదరపు అడుగులు చెబుతుంది. వినడానికి చాలా చిన్న పని. కానీ తిరుపతిలో అంకణమంటే ముప్పై ఆరు చదరపు అడుగులు, నెల్లూరులో డెబ్బై రెండు. ఏ ఊరి అంకణమో అడగకుండా జవాబు చెబితే ఒకరి ఇంటి స్థలం సగమైపోతుంది. ఇలాంటివి ఊరూరా విచారించి, సరిచూసుకుని, చేరుస్తూ వచ్చాను.

నాతోపాటు దాన్ని చూసుకునే మనిషి ఒకరు ఉండేవారు. ఆడో మగో, ఏ ఊరో నాకు తెలియదు. మా దగ్గర అందరివీ మారుపేర్లే. నేను పొద్దున పంపింది సాయంత్రానికి చదివి, ‘ఇక్కడ సున్నాతో భాగించే ప్రమాదం ఉంది, చూడండి’ అనో, ‘ఇది చక్కగా కుదిరింది’ అనో రాసేవారు. ఆ ఒక్క వాక్యం కోసం నేను కాటా గదిలో ఫోను తీసి చూసుకునేవాణ్ణి. రెండేళ్ల కిందట ఆ వాక్యాలు రావడం ఆగిపోయింది. ఎందుకో కనుక్కోవడానికి అడ్రసు లేదు. నేను మాత్రం పంపుతూనే ఉన్నాను. నా సవరణను నేనే చదివి, నేనే సరేనంటున్నాను.

శనివారం సభకు బయలుదేరుతుంటే నా భార్య గడపలో నిలబడి నవ్వింది. “జీతం లేని పనికి మీటింగు కూడానా? అన్నమన్నా పెడతారా?”

“పెడతారంట మే.”

“అయితే కంపెనీ మంచిదే. ఈడ చెయ్యి కాల్చుకునేది నేను, ఆడ తినేది నువ్వు.”

కాలేజీ వరండాలో పెద్ద బోర్డు ఒకటి పెట్టారు. ఎవరికి ఏ విషయం మాట్లాడాలని ఉందో కాగితం మీద రాసి అంటిస్తే, ఇష్టమున్నవాళ్లు ఆ సమయానికి ఆ గదికి వస్తారు. నేనూ ఒక కాగితం తీసుకుని ‘పాత కొలతల భాగానికి రెండో మనిషి కావాలి’ అని రాశాను. కింద గది నంబరు, రేపటి సమయం రాసి అంటించాను. మర్నాడు పొద్దున కాటాలో నాదే డ్యూటీ కాబట్టి మధ్యాహ్నం మూడు గంటలైతే బాగుంటుందనుకున్నాను.

ఆదివారం మూడింటికి ముందే వచ్చి గదిలో కూర్చున్నాను. కుర్చీలను గుండ్రంగా జరిపి, ఏ కొలత దగ్గర మొదలుపెట్టాలో మనసులో అనుకుంటూ ఉన్నాను. పక్క గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. నా గదికి ఎవరూ రాలేదు. బయటికి వెళ్లి తలుపు మీది నంబరు చూసి వచ్చాను. అది సరిగానే ఉంది.

చాలాసేపటికి తలుపు తోసుకుని నా వయసు మనిషి ఒకాయన వచ్చాడు. లేచి నిలబడ్డాను. ఆయన నన్ను దాటి వెళ్లి గోడ దగ్గర వంగాడు.

“చార్జరు ఈడ మరిచిపోయినానప్పా” అన్నాడు. నేను జరిపిన కుర్చీలు చూసి, “నువ్వూ అంకణాలకే వచ్చినావా? ఆ మీటింగు పొద్దునే. అయిపోయిందనేదానికీ లేదులే, కానేలేదు. ఐదారు మందిమి నిండాసేపు కూర్చున్నాం. పిలిచినాయన రాలేదు” అన్నాడు.

“పిలిచింది నేనే.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “తొమ్మిదిన్నర అని రాసి, మూడింటికి వచ్చినావేందప్పా?”

అప్పుడు తెలిసింది నాకు. మా సమావేశాలన్నీ ఫోను మీదే. ఒక్కో దేశంలో ఒక్కో మనిషి ఉంటాడు కాబట్టి అందరం ప్రపంచ సమయమే రాసుకుంటాం. అది మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. ఇన్నేళ్ల అలవాటులో నా చెయ్యి మూడింటిని తొమ్మిదిన్నర చేసి రాసేసింది. వేలెడు తేడా వస్తే నిద్రపట్టని నేను, ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని మరీ అంటించాను.

“ప్రపంచ సమయం రాసేసినా” అన్నాను.

ఆయన కూర్చుని మరీ నవ్వాడు. “తిరుపతి గోడ మీద లండన్ టైము రాస్తివా! నేనూ ఒకతూరి మా అక్క కూతురి పెండ్లి ముహూర్తం ఫోన్లో అట్లే ఎక్కించుకున్నా. పోయేసరికి అన్నాల బంతులు లేసిపోయిండాయి. మా అక్క ఇంకా మాట్లాడదు నాతో.”

ఆయనది చిత్తూరు. దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెడుతుంటాడట. నాకు రెండో మనిషి ఎందుకు కావాలో చెప్పాను. రెండోవాడిగా ఉంటారా అని అడిగాను.

“ఆ ఓపిక నాకు లేదప్పా. అబద్ధం చెప్పను. కావాలంటే నా పేరు రాసుకో. పని నువ్వే సూసుకో. ఎవురొచ్చి అడుగుతారు?”

నిజమే, ఎవరూ అడగరు. నిబంధనకు పేరు చాలు. కానీ రెండేళ్లుగా నాకు లేనిది పేరు కాదు, చదివే మనిషి. ఒకరున్నచోట ఇద్దరని రాయడం నా వల్ల కాలేదు.

“వద్దులేప్పా” అన్నాను.

“నీ ఇష్టం. సాయంత్రం మైకులో అడుగు, ఎవురన్నా దొరుకుతారు” అని చార్జరు చుట్టుకుని చిత్తూరు బస్సుకు వెళ్లిపోయాడు.

పొద్దున వచ్చిన మిగతావాళ్ల ముఖాలు నాకు తెలియవు. టీ దగ్గర గుంపులు గుంపులుగా నిలబడి అందరూ వాళ్ల వాళ్ల పనులు మాట్లాడుకుంటున్నారు. ఒక గుంపు అంచున నిలబడ్డాను. ఒకమ్మాయి జరిగి చోటిచ్చి, “మీరేం చూసుకుంటారండీ?” అని అడిగింది. అంకణం దగ్గర మొదలుపెట్టాను. డెబ్బై రెండు దాకా వచ్చేలోపు ఎవరో ఆమెను వేదిక దగ్గరికి పిలిచారు.

ముగింపు సభలో నా భాగం పేరు చదివారు. మైకు ఇస్తే లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను, సమయం సంగతి కూడా. హాలంతా నవ్వింది. ఎగతాళి కాదు, అక్కడున్నవాళ్లలో ఆ తప్పు చేయనివాళ్లు తక్కువ. నవ్వు ఆగాక వేదిక మీద సభ నడుపుతున్నామె, “ఎవరైనా ఉన్నారా?” అని అడిగింది. కొంచెం ఆగి మళ్లీ అడిగింది. ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. వెనకవాళ్లు ఇంకా వెనక్కి చూశారు.

అటకెక్కే భాగానికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మా వాళ్ల మర్యాద. ఇన్నాళ్లూ చేసిన పనికి కృతజ్ఞత అన్నమాట. హాలు మొత్తం లేచింది. చాలాసేపు కొట్టారు, మనస్ఫూర్తిగానే కొట్టారు. ఆ చేతుల్లో ఒక్కటి ఒక నిమిషం ముందు లేచి ఉంటే చాలు కదా అనుకుంటూ, ఎటు చూడాలో తెలియక, నేనూ వాళ్లతోపాటు కొట్టాను.

పుత్తూరు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. వడమాలపేట దాటేదాకా ఫోను తీయలేదు. తీసి చూస్తే నా భాగం పక్కన అప్పుడే ‘అటక’ అని పడింది. ఇక నేను పంపినా వెళ్లదు.

ఇల్లు చేరేసరికి నా భార్య వాకిట్లో మల్లెపూలు కడుతోంది. “ఏమన్నారు?” అని అడిగింది.

“నా పని పేరు చదివినారు. అందరూ లేసి నిలబడి చప్పట్లు కొట్టినారు.”

ఆమె చేతిలోని దారం ఆగింది. “అందరూనా?”

“అందరూ.”

ఆమె ముఖం అలా వెలగడం నేను చూసి చాలా కాలమైంది. మిగతాది చెబుదామని నోరు తెరిచేలోపే గోడ దగ్గరికి వెళ్లిపోయింది. “అక్కా, ఇట్ల రా! మా ఆయనకు తిరుపతిలో సభంతా లేసి చప్పట్లు కొట్టినారంట!”

“అట్లనా! మరి స్వీటు యాడ?” అంది గోడ అవతల నుంచి పక్కింటామె.

మర్నాడు కాటా నుంచి వస్తూ అరకిలో మైసూరుపాకు తెచ్చాను.