పద్మ ముట్టని కంప్యూటర్

ఏళ్లుగా మోస్తున్న మాట ఇది. నన్నెరిగినవాళ్లకు చెప్పలేను. మీరు నన్నెరగరు, అందుకే చెబుతున్నాను.

గుజరాత్‌లో, లింబాయత్ అనే పేటలో చీరల ప్రింట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. డిజైన్లు గీసే పద్మ, మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చిన వాళ్ల బిడ్డ. అక్కడ నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

ఆమె కంప్యూటర్‌లో లినక్స్ సిస్టం పెట్టింది నేనే. అసలు సిస్టంను ఎవరూ చెడగొట్టకుండా తాళం వేసి ఉంచే రకం అది. ఇక పాడవదని మా యజమాని సేఠ్‌కు గొప్పలు చెప్పాను. కానీ గ్రాఫిక్స్ కార్డుకు దాని కంపెనీ ఇచ్చే డ్రైవర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, లేక పెద్ద డిజైన్లు తెరమీద ఈడ్చుకుంటూ కదిలేవి. ఒక సాయంత్రం పద్మ వెళ్లాక ఆ డ్రైవర్‌ను సిస్టం మీద అదనపు పొరలా ఎక్కించాను. మళ్లీ ఆన్ చేయగానే నీలం తెర వచ్చింది. ఈ డ్రైవర్‌ను నమ్మి నడపనివ్వాలా అని అడుగుతోందది. చదవకుండానే దాటేసి, ఆపేసి వెళ్లిపోయాను.

అనుమతి దొరకని డ్రైవర్ పనిచేయక, పొద్దున తెర నల్లగా ఉంది. ఆ రోజే సచిన్ అనే ఊళ్లోని మిల్లుకు డిజైన్లు వెళ్లాలి. సేఠ్ అరుస్తుంటే, పద్మే ఏదో నొక్కిందని అనేశాను. ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? తెలివైనవాడినన్న పేరు పోతుందనా? రెండోదే అనుకుంటాను.

సేఠ్ ఆమెను పనిలోంచి తీసేశాడు. మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"అన్నా, నేనేం ముట్టలే. నీకెర్కనే గదా. జర సేఠ్‌కు చెప్పు."

"నాకేం తెలీదు పద్మా."

ఆమె టిఫిన్ డబ్బా కూడా తీసుకోకుండా దిగిపోయింది.

ఆమె వెళ్లాక, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే జాబితాలో పాత సిస్టంను ఎంచుకున్నాను. ఆ రకం లినక్స్ మునుపటి సిస్టంను భద్రంగా దాచి ఉంచుతుంది. ఆ సంగతి నాకు పొద్దున్నే తెలుసు. చాయ్ చల్లారేలోపు అంతా తిరిగొచ్చింది. ఆమె ఉన్నప్పుడే నేను ఆ పని చేసి ఉంటే గొడవ అక్కడే తేలిపోయేది. కానీ అంత తేలిగ్గా బాగైతే తప్పెవరిదని అడుగుతారు కదా! సేఠ్ నా భుజం తట్టాడు.

ఆమె ఇంట్లో చీరలకు రాళ్లు అతికిస్తోందని తర్వాత విన్నాను. ఒకసారి షేర్ ఆటోలో నా ఎదురుగానే కూర్చుంది. కూతురితో గుజరాతీలో మాట్లాడుతూ, ఎవరో పరాయివాణ్ని చూసినట్టు నన్ను చూసింది. నోరు తెరిచాను. ఆమె దిగిపోయింది.

ఇప్పుడు ఆఫీసులో గోడకేసి తిరిగి కూర్చుని అన్నం తింటాను. తెలుగులో ఒక్క మాట లేకుండా వారాలు గడిచిపోతాయి.

ఆ డ్రైవర్ ఎక్కించింది నేను. పద్మ కాదు. ఇంత చిన్న మాట. దీన్ని వినాల్సింది మీరు కాదని తెలుసు. అయినా గుండెలో కాస్త చోటు దొరికినట్టుంది.