దసరాకు మూడు నవలలు

ఎనభై నాలుగు ఉగాదికి బట్టల దుకాణం రేవణసిద్ధప్ప నేను లైబ్రేరియన్‌గ ఉన్న జహీరాబాద్ లైబ్రరీకి వచ్చి, ఏడాదిల పన్నెండు నవలలు చదువుత అన్నడు. దసరా వచ్చింది, మూడే అయినయి.

"ఏం సేట్, మాట మీద నిలబడరా?" అని జర గట్టిగనే అడిగిన.

"నాకు పైకి చదువుడే అలవాటు సార్. మా ఇంటామె శాంతమ్మ జొన్నరొట్టెలు చేసుకుంట వినేది. రొట్టె పెనం మీద వేసేటప్పుడు 'ఆగుండ్రి' అనేది. తిప్పినంక 'ఊఁ' అంటే మళ్ల చదివేటోన్ని."

శాంతమ్మ పోయిన చలికాలంల చనిపోయింది. నాకు ఎరుకే. అయినా నోరు ఊకోలె.

"ఇప్పుడు ఆపేటోళ్లు లేరు గద, ఇంకా జల్ది అయిపోవాలె."

సిద్ధప్ప కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"అలవాటుకొద్ది నేనే ఆగుత సార్. ఊఁ అనేటోళ్లు లేక ఆడనే కూసుంట."