పోగు తెగితే మైనస్

సూరత్ బమ్రోలి పేటలో సోమలింగం సారు ట్యూషన్ అంటే మన నేతవాళ్లకు గుడితో సమానం. గుడిలో లాగే అక్కడా ఎవరూ ప్రశ్నలు అడగరు. సిరిసిల్లలో డిగ్రీ సగంలో వదిలి ఇక్కడికి వచ్చి, మరమగ్గాల దగ్గర కొన్నాళ్లు నిలబడి, ఆ మోతకు చెవులు పోతాయన్న భయంతో చాక్‌పీసు పట్టిన మనిషి ఆయన. పేరు ముందు ‘గురువర్య’ అని కులసంఘమే తగిలించింది. ఆయన వద్దనలేదు.

ఆయన కీర్తికి మూలం ఒకే ఒక్క పాఠం. పరమాణువు ఒక బట్ట. ప్రోటాన్లు పడుగు, ఎలక్ట్రాన్లు పేక. రెండూ సమానంగా ఉంటే విద్యుదావేశం సున్నా. పేక పోగు ఒకటి తెగితే నష్టం గనుక మైనస్ ఒకటి. ఒక పోగు ఎక్కువైతే లాభం గనుక ప్లస్ ఒకటి. ఆ లెక్కన ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న సోడియం మైనస్, అందుకున్న క్లోరిన్ ప్లస్. లోకమంతా దీన్ని తలకిందులుగా చెబుతుందన్న చిన్న చిక్కు తప్ప పాఠం బహు చక్కనిది. సంఘం పెద్ద నర్సింగం దాన్ని వీడియో తీయించి, సైన్సు మన మగ్గంలోనే పుట్టిందని వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు.

తొమ్మిదో తరగతి రుచిత ఒకరోజు పుస్తకం పట్టుకుని లేచింది.

“సార్, ఎలక్ట్రానే మైనస్ గద. సోడియంల ప్రోటాన్లు పదకొండు. ఒకటి పోయినంక ఎలక్ట్రాన్లు పది. పదకొండు ప్లస్సులల్ల పది మైనస్సులు కొట్టేస్తే ఒక ప్లస్సే మిగుల్తది.”

సోమలింగానికి ఆ లెక్క అర్థం కాలేదు గానీ, తాను తప్పన్నది మాత్రం అర్థమైంది. ఒప్పుకుంటే, ఊళ్లోనే ఉన్న వరాఛా పేట కోచింగుల వైపు చూస్తున్న తల్లిదండ్రులు రేపే పిల్లల్ని తీసుకుపోతారు. ట్యూషన్ పోతే మళ్లీ మగ్గమే గతి. పుస్తకంలో అచ్చుతప్పు పడిందన్నాడు. సంగతి తెలిసి రుచిత నాయనమ్మ ఎల్లవ్వ వచ్చింది. గురువుకే ఎదురు చెబుతావా అని మనవరాలిని తిట్టి, ఆయన కాళ్లు మొక్కించింది.

బడి పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. రుచిత తప్ప ట్యూషన్ మొత్తం సోడియానికి భక్తిగా మైనస్ పెట్టి సున్నాలు తెచ్చుకుంది. నిలదీయడానికి వచ్చిన తల్లిదండ్రులతో గది నిండింది. సోమలింగం తడబడలేదు.

“కావాల్ననే తప్పు చెప్పిన. సొంతంగ ఆలోచించెటోళ్లు ఎవరున్నరో చూద్దామని పరీక్ష పెట్టిన. ఒక్కతే గెలిచింది.”

నర్సింగం కళ్లు తుడుచుకుని శాలువా తెప్పించి సారుకు కప్పాడు. గుడ్డిగా నమ్మి సున్నాలు తెచ్చుకున్న పిల్లల తల్లిదండ్రులు ఈ మాటనూ అంతే గుడ్డిగా నమ్మారు. ట్యూషన్ నిలబడింది, కొత్తగా మరికొందరు చేరారు కూడా.

నిలబడ్డ ట్యూషన్‌లో ఇక సరైన పాఠం చెప్పాలి కదా. అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఏమవుతుందని ఒక పిల్లవాడు అడిగాడు. సోమలింగం రుచిత వైపు తిరిగి, నువ్వు చెప్పు బిడ్డా అన్నాడు, మరో పరీక్ష పెడుతున్నంత దర్జాగా.

రుచిత కూర్చున్న చోటునుంచి లేవలేదు.

“పరీక్ష పెట్టెటోళ్లు మీరు గద సార్. జవాబు సుత మీరే చెప్పుండ్రి.”

పిల్లలందరూ పెన్నులు పట్టుకుని ఎదురుచూశారు. గురువర్యులు బోర్డు మీద మూడు వేసి, సోడియానికి చెల్లిన ప్లస్ అల్యూమినియానికీ చెల్లుతుందో లేదో తెలియక, చేతికంటిన సుద్దను చాలాసేపు దులుపుకున్నారు.